'సామాజిక విలువ' ఎవరి కొలతతో?
నగర నిర్మాణం, దళితుల లెక్క

నగరాలు కట్టేవాళ్ల నోట ఈమధ్య 'సామాజిక విలువ' అన్న మాట తరచుగా వినిపిస్తోంది. పాతబడ్డ పేటను పడగొట్టి భవనాలు లేపినా, పొలాలు చదును చేసి రాజధాని కట్టినా, కంపెనీ లాభం ఒక్కటే కాదు, సమాజానికి ఒనగూడే మేలు కూడా లెక్కకట్టి చూపిస్తామంటున్నారు. మంచిదే. ఇంతకాలం గజం ధర తప్ప మరో లెక్క ఎరగనివాళ్లు సమాజం పేరెత్తడం మంచిదే. అయితే ఆ సమాజంలో మాలపల్లె, మాదిగగూడెం ఉన్నాయా? నోటిమాట మీద కౌలు చేసేవాడు ఉన్నాడా? నాట్లకూ కలుపులకూ పోయే ఆడమనిషి ఉందా? ఈ ప్రశ్నలు గట్టిగా వేయాలంటే ముందు ఆ లెక్క ఎలా చేస్తారో మనకు తెలియాలి. నిపుణుల వ్యవహారం, మనకెందుకులే అని వదిలేస్తే మన బతుకుల విలువ మనం లేని గదిలో తేలిపోతుంది.

లెక్క ఎలా చేస్తారు?

ఈ మాటకు పేరుపెట్టి చట్టం చేసింది బ్రిటన్. ప్రభుత్వ సంస్థలు సేవలు కొనేటప్పుడు ధర ఒక్కటే చూడకుండా, ఆ ప్రాంతానికి జరిగే సామాజిక, ఆర్థిక, పర్యావరణ మేలు గురించి కూడా ఆలోచించాలని 2012లో అక్కడ చట్టం వచ్చింది. కాంట్రాక్టర్లు, ఇళ్లు కట్టే సంస్థలు తమ పనుల సామాజిక విలువను పౌండ్లలో చూపించడం అప్పటి నుంచి బాగా పెరిగింది.

పద్ధతి స్థూలంగా ఇది. ప్రాజెక్టు ఎవరెవరిని తాకుతుందో ముందు ఒక జాబితా రాస్తారు. వాళ్ల బతుకుల్లో వచ్చే మార్పులు గుర్తిస్తారు. పని దొరకడం, ఇల్లు బాగుపడటం, ఆరోగ్యం మెరుగవడం వంటివి. ఒక్కో మార్పుకూ డబ్బులో ఒక విలువ కడతారు. బజారులో ధర లేనిదానికి, దగ్గరగా ఉన్న మరోదాని ధర తెచ్చిపెడతారు. ఆపైన తీసివేతలు. ప్రాజెక్టు లేకపోయినా జరిగి ఉండేదాన్ని తీసేయాలి. ఇంకొకరి కృషివల్ల వచ్చినదాన్ని తీసేయాలి. ఒకచోట ఊడి మరోచోట చేరిన ఉద్యోగాన్ని కొత్త ఉద్యోగంగా చూపకూడదు. ఏళ్లు గడిచేకొద్దీ కరిగిపోయే మేలును తగ్గించి రాయాలి. చివరికి మిగిలినదాన్ని పెట్టిన ఖర్చుతో భాగిస్తే 'రూపాయి పెడితే మూడు రూపాయల సామాజిక విలువ' లాంటి అంకె బయటికొస్తుంది.

నిజాయితీగా చేస్తే ఇది పనికిమాలిన పద్ధతేమీ కాదు. చిక్కంతా మూడు చోట్ల ఉంది.

లెక్క తప్పే మూడు చోట్లు

మొదటిది జాబితా. కాగితం ఉన్నవాడు ముందు కనబడతాడు. రైతు పాసుపుస్తకం చూపిస్తాడు. నోటిమాట కౌలుదారు ఏం చూపిస్తాడు? గట్టుమీద గడ్డి కోసుకుని గేదెను మేపుకునే ముసలామె ఏం చూపిస్తుంది? జాబితాలో లేని మనిషికి నష్టం లేకపోలేదు. కాని లెక్కలో మాత్రం సున్నాగానే పడుతుంది.

రెండోది ధర. కూలిపని పోతే నష్టం ఎంత అంటే, ఇప్పుడు ముడుతున్న కూలిని బట్టి కడతారు. మగకూలికి ఒక రేటు, ఆడకూలికి అంతకన్నా తక్కువ రేటు. ఆ రేటును తేల్చింది ఎవరు? కులమూ, మగ పెత్తనమూ కలిసి తేల్చినదాన్నే 'విలువ' అని పుస్తకంలోకి ఎక్కిస్తున్నారన్నమాట. కూలిలో ఒకసారి జరిగిన అన్యాయం పరిహారంలో ఇంకోసారి జరుగుతుంది.

మూడోది కూడిక. ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ప్రాజెక్టు వల్ల వందమంది భూస్వాములకు తలా 10 లక్షలు లాభం వచ్చింది. మొత్తం 10 కోట్లు. వెయ్యి కూలి కుటుంబాలకు తలా 50 వేలు నష్టం వచ్చింది. మొత్తం 5 కోట్లు. కూడి తీసేస్తే సమాజానికి 5 కోట్లు లాభం! పదిరెట్ల మంది నష్టపోయినా సమాజం బాగుపడిందని తేలింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు, కూడికలో తప్పూ లేదు.

దీనికి విరుగుడు ఆ అర్థశాస్త్రంలోనే ఉంది. బ్రిటన్ ఆర్థిక శాఖ మార్గదర్శక గ్రంథం 'గ్రీన్ బుక్' పేదవాడి రూపాయికి ఎక్కువ బరువు వేసే పద్ధతి చెబుతుంది. ఆ సూత్రం ప్రకారం మధ్యస్థ ఆదాయంలో సగం మాత్రమే ఉన్న మనిషికి చేరిన పౌండు, లేదా అతను పోగొట్టుకున్న పౌండు, సుమారు రెండున్నర పౌండ్లతో సమానం. మన ఉదాహరణలో భూస్వాముల లాభాన్ని ఉన్నదున్నట్టు ఉంచి, కూలీల నష్టానికి ఈ బరువు వేస్తే అది 5 కోట్లు కాదు, పన్నెండున్నర కోట్లు. అంటే ప్రాజెక్టు నష్టపు ప్రాజెక్టు. బరువు వేయాలా వద్దా అన్నది గణితం తేల్చేది కాదు. అది రాజకీయం.

మన చట్టం ఏమంది?

మనదేశంలో ఈ లెక్కకు చట్టబద్ధమైన పేరు 'సామాజిక ప్రభావ అంచనా'. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2013 భూసేకరణ చట్టం దీన్ని తప్పనిసరి చేసింది. పంచాయతీతో గాని, మునిసిపాలిటీతో గాని సంప్రదించి, ఆరు నెలల్లో అంచనా పూర్తిచేయాలి. సామాజిక నష్టం ఎంతో, ప్రయోజనంతో పోలిస్తే అది ఎలా ఉందో తేల్చాలి. నష్టమే ఎక్కువైతే ప్రాజెక్టు వదిలేయమని నిపుణుల బృందం సిఫారసు చేయొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, 'బాధిత కుటుంబం' అంటే భూమి ఉన్న కుటుంబం ఒక్కటే కాదంది. మూడేళ్లుగా ఆ భూమి మీదే ప్రధానంగా ఆధారపడి బతికే కూలీలు, కౌలుదారులు, చేతివృత్తులవాళ్లు కూడా బాధితులే. మొదటి చోట జరిగే తప్పును, అంటే జాబితా తప్పును, ఈ చట్టం దిద్దింది.

అందుకే కాబోలు, దీన్ని పక్కదారి పట్టించడమూ త్వరగానే మొదలైంది. కొన్ని రకాల ప్రాజెక్టులకు ఈ అంచనా అక్కరలేదని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ సవరణలు చేసుకున్నాయి. ఇంకో దారి సేకరణ జోలికి పోకుండా 'సమీకరణ' చేయడం. రైతే స్వచ్ఛందంగా ఇస్తున్నాడు కాబట్టి సేకరణ చట్టం వర్తించదన్నమాట.

అమరావతి పాఠం

సమీకరణకు పెద్ద ఉదాహరణ అమరావతి. 2014 చివర్లో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ చట్టం చేసి, 2015 నుంచి 33 వేల ఎకరాలకు పైగా సమీకరించారు. మెట్ట పట్టాభూమి ఎకరా ఇచ్చిన రైతుకు 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, పదేళ్లపాటు ఏటా కౌలు. ఆ కౌలు మెట్టకు ఎకరానికి 30 వేలు, జరీబుకు 50 వేలు. ఏటేటా పదిశాతం చొప్పున పెంపు. భూమిలేని కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను అన్నారు.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూద్దాం. నెలకు 2,500 అంటే ఏడాదికి 30 వేలు. ఒక కూలి కుటుంబం మొత్తం ఏడాది బతుకు, ఒక ఎకరా మెట్ట కౌలుకు సమానమైందన్నమాట! రైతు కౌలు ఏటా పెరిగేలా రాశారు, పింఛనుకు అలాంటి పెంపు రాయలేదు. రైతుకు స్థలం వస్తుంది, దాని ధర పెరుగుతుంది. కూలికి అదీ లేదు. కృష్ణ ఒడ్డు జరీబు పొలాల్లో అరటి, పసుపు, కూరగాయలు, పూలు పండేవి. ఏడాది పొడవునా ఏదో ఒక పని ఉండేది. పొలాలు పోయాక ఆ పని పోయింది. అది ఎన్ని రోజుల పని? ఆడవాళ్లకు ఎన్ని, మగవాళ్లకు ఎన్ని? 2,500 అన్న అంకె ఈ ప్రశ్నలకు జవాబుగా పుట్టింది కాదు.

కాలాన్ని కూడా లెక్కలో పెట్టాలి. నష్టం మొదటి రోజే మొదలవుతుంది. మేలు రేపు వస్తుందంటారు. నిర్మాణ పనుల్లో ఉపాధి వస్తుందన్నారు. 2019లో ప్రభుత్వం మారాక పనులు ఆగిపోయి, 2024 తర్వాత గాని మళ్లీ ఊపందుకోలేదు. ఆ మధ్య ఏళ్ల ఆకలిని ఏ గడిలో రాస్తారు?

అసైన్డ్ భూమి

దళితులకు, వెనకబడిన కులాలకు ప్రభుత్వం పంచిన భూమిని అన్యాక్రాంతం కాకుండా కాపాడటానికి 1977లో చట్టం వచ్చింది. అమ్మకూడదన్న ఆ షరతునే సాకుగా చూపి, ప్రభుత్వం తీసుకునేటప్పుడు తక్కువ ఇవ్వడం ఆనవాయితీ అయింది. 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో ఇది చెల్లదంది. అసైన్డ్‌దారుకు కూడా పట్టాదారుతో సమానంగా మార్కెట్ విలువ ఇవ్వాలంది. అయినా పన్నెండేళ్ల తర్వాత, 2016 నాటి జీవో 41 అమరావతి అసైన్డ్ భూములను తరగతులుగా విడదీసింది. పట్టాభూమి కన్నా అసైన్డ్ భూమికి తక్కువ స్థలాలు వచ్చాయి. ఏమీ రాదన్న భయం పెట్టి దళితుల చేత చౌకగా అమ్మించారన్న ఆరోపణల మీద కేసులూ నడిచాయి. గట్టుకు ఇవతలా అవతలా ఒకే మట్టి, ఒకే నీరు, ఒకే పంట. విలువ మాత్రం వేరు. మరి కొలిచింది నేలనా, కులాన్నా?

మన లెక్క మనం రాసుకోవాలి

2025లో ప్రభుత్వం రెండో విడత భూసమీకరణ తలపెట్టింది. 2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్ల రుణం ఆమోదించింది. ఇలాంటి రుణాలకు సామాజిక రక్షణ నిబంధనలుంటాయి కాబట్టి, మన లెక్క చేతిలో ఉంటే నిలదీయడానికి ఒక చోటు దొరుకుతుంది. ఆ లెక్క పనులు మొదలయ్యాక రాస్తే పనికిరాదు. ముందే రాయాలి. ఊళ్లో చదువుకున్న పిల్లలు, టీచర్లు, సంఘాలవాళ్లు కలిస్తే వారం పదిరోజుల్లో అయ్యే పనే.

ఒకటి, గూడెంలో ప్రతి గడపనూ కులం పేరుతో సహా రాయాలి. రెండు, ఆడ మగ విడివిడిగా, నెలవారీగా ఎన్ని రోజుల పని, ఎంత కూలి. మూడు, కౌలు భూమి ఎంత, ఎవరి దగ్గర, ఎన్నేళ్లుగా. నాలుగు, అసైన్డ్, పోరంబోకు భూముల సాగు. ఐదు, డబ్బు ఇవ్వకుండా దొరికేవి: గడ్డి, పుల్లలు, చెరువు నీళ్లు, పరిగె. ఆరు, బడి, ఆసుపత్రి, శ్మశానం ఎంత దూరం. గ్రామసభలో చదివి వినిపించి సంతకాలు పెట్టించాలి. ఏడాదికోసారి మళ్లీ రాయాలి. అప్పుడు 'రూపాయికి మూడు రూపాయలు' అని ఎవరైనా అంటే, ఆ మూడింటిలో మా గూడేనికి చేరింది ఎంత అని అడగొచ్చు. రాజధాని చట్టం సమీకరించిన భూమిలో కనీసం ఐదుశాతం పేదల ఇళ్లకు కేటాయించాలంది. అందులో ఎంత దక్కిందో కూడా అదే పుస్తకంలో రాసుకోవచ్చు.

రాజకీయాల్లో ఒక మనిషికి ఒక విలువ ఇచ్చుకున్నాం, సామాజిక ఆర్థిక జీవితంలో ఆ సూత్రాన్ని కాదంటున్నాం అని అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించాడు. సామాజిక విలువను కొలుస్తామని వచ్చే ప్రతి నివేదికనూ మనం ఈ కొలతతోనే కొలవాలి.