గీజరు మార్చాలా, బాగుచేయించాలా?

మార్గశిర మాసపు వానలో ఒకనాటి ఉదయం, పుదుచ్చేరి ముత్తియాల్‌పేటలోని మా ఇంట గీజరు చల్లబడింది. కీళ్లనొప్పులతో బాధపడే మా అమ్మగారికి వేణ్ణీళ్లు లేనిదే రోజు మొదలుకాదు. పిలిపించిన మెకానిక్ మూతయినా విప్పకుండా, "తొమ్మిదేళ్లయింది కదమ్మా, కొత్తది కొనుక్కోండి" అని చెప్పి వెళ్లిపోయాడు. విచారణ లేకుండానే తీర్పు వెలువడినట్లు తోచి, మరొక ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాము.

అతడు మెయిన్ స్విచ్ ఆపి, అడుగుభాగం మూత విప్పి, లోపలి చిన్న మీటను నొక్కాడు. నీళ్లు కాగాయి! అది థర్మల్ కటౌట్. థర్మోస్టాట్ తన పని మరచి నీటిని మితిమీరి కాగనిచ్చినపుడు కరెంటును తెంచివేసే కావలివాడది. కనుక మీట నొక్కి సంతోషించి ఊరుకోరాదు. అతడు థర్మోస్టాట్‌ను కూడా మార్చాడు.

15 లీటర్ల నీటిని 28 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు కాచడానికి 2000 వాట్ల గీజరుకు సుమారు 17 నిమిషాలు పడుతుంది. అయిదారు నిమిషాలకే దీపం ఆరిపోయి గోరువెచ్చని నీరు వస్తే థర్మోస్టాట్‌ను అనుమానించాలి. వోల్టేజి 230 నుండి 180కి పడిపోతే అదే పనికి దాదాపు 28 నిమిషాలు కావాలి. ఆ దోషం గీజరుది కాదు. దీపం వెలుగుతూ ఉన్నా నీరు ఏమాత్రం కాగకపోతే ఎలిమెంటును మీటరుతో పరీక్షింపజేయాలి. బాగున్న ఎలిమెంటు 26 ఓముల దరిదాపులలో చూపుతుంది. స్విచ్ వేయగానే ఇ.ఎల్.సి.బి. పడిపోతున్నా, కుళాయి ముట్టుకుంటే జిల్లుమన్నా, ఆ క్షణం నుండి గీజరు జోలికి పోరాదు. ఎలిమెంటునూ, ఎర్తునూ చూపించిన తరువాతనే స్నానం.

పుదుచ్చేరిలో నీటి మంచిచెడ్డలు పాత ముచ్చటే. భారతి పార్కులోని ఆయి మండపం, మూడవ నెపోలియన్ కాలంలో ముత్తిరపాళయం నుండి పట్టణానికి మంచినీరు తెచ్చినందుకు గుర్తు. తీరప్రాంత భూగర్భజలాలలోకి ఉప్పునీరు చొరబడడం నేటికీ సమస్యే. బోరు నీటిలోని సున్నం ఎలిమెంటుపై తెల్లని పెచ్చు కడుతుంది. దానివల్ల కరెంటు ఖర్చు విపరీతంగా పెరుగుతుందని చాలామంది నమ్మకం. వాస్తవానికి ఎలిమెంటులో పుట్టిన వేడి చివరకు నీటికే చేరుతుంది. పెచ్చు కింద ఉడికి ఆయువు తీరేది ఎలిమెంటుకు. ఉప్పు చేసే అపకారం వేరు. అది ట్యాంకునే తినివేస్తుంది.

ఈ తినివేతను ఆపే ఉపాయానికి రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. నౌకల అడుగున తాపిన రాగిరేకులు సముద్రంలో క్షీణించకుండా ఇనుము, జింకు ముక్కలను వాటికి తగిలించవచ్చునని సర్ హంఫ్రీ డేవీ 1824లో నిరూపించాడు. బలహీనమైన లోహం ముందు కరిగి బలమైనదానిని కాపాడుతుంది. (రాగి మరీ శుభ్రంగా ఉండి నత్తగుల్లలు పట్టడంతో ఓడలు మందగించాయట! అది వేరే కథ.) గీజరులోని మెగ్నీషియం కడ్డీ చేసే పని అదే. అది పూర్తిగా కరిగిపోయిన తరువాత ట్యాంకు వంతు వస్తుంది. ఉప్పునీటి ఊళ్లలో ఏటా ఒకసారి దానిని విప్పి చూడాలని నా అభిప్రాయం. ఇంతకాలం మేమూ చూడలేదు.

కింద తడి కనిపించినంత మాత్రాన ట్యాంకు పోయిందనుకోరాదు. 15 లీటర్ల నీరు పైన చెప్పినంత కాగితే దాదాపు ఒక గ్లాసెడు వ్యాకోచిస్తుంది. ఆ ఎక్కువ నీరు ప్రెషర్ వాల్వు ద్వారా చుక్కలుగా రావచ్చు. ఆ దారిని మూయడం ప్రాణాపాయం. పైపు అతుకులో, రబ్బరు వాషరులో కారుతుంటే చవకలో బాగవుతుంది. ట్యాంకు ఒంటి నుండే నీరు ఊరుతుంటే మాత్రం ఇక వాదన లేదు, కొత్తది కొనవలసిందే. తక్కిన వాటిలో, భాగాల ధరా కూలీ కలిసి కొత్తదాని ఖరీదులో సగం దాటేవరకు నేను మరమ్మతు పక్షమే.

కొత్తది కొనేవారు నక్షత్రాల లేబిల్ చూస్తారు. గీజరు విషయంలో ఆ నక్షత్రాలు తెలిపేది, కాగిన నీరు నిలువ ఉండగా ఎంత వేడి పోతుందన్నది. స్నానానికి ముందు మాత్రమే స్విచ్ వేసి వెంటనే వాడుకునే ఇంటికి అందువల్ల కలిగే లాభం తక్కువ.

మా గీజరులోని కడ్డీ విప్పి చూస్తే మిగిలింది సన్నని తీగ మాత్రమే. ట్యాంకు ఇంకా చెక్కుచెదరలేదు. కొత్త కడ్డీ వేయించి, ఆ తేదీని స్నానాలగది గోడమీద అమ్మగారి చేతనే పెన్సిలుతో రాయించాము.