తుంపర పంకా

పల్నాటిలోని రెంటచింతల, గోదావరి యొడ్డున గల రామగుండము – ఈ రెండు ఊళ్ల పేర్లును వేసవి వచ్చిన తోడనే వార్తాపత్రికలలో కానవచ్చుచుండును. అచ్చట పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటిన దినములు కలవు. 2015వ సంవత్సరము మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వెయ్యిమందికి మించి మరణించిరి. వారిలో వృద్ధులును, ఎండలో కూలిపని చేయువారును ఎక్కువ. అట్టి దినములలో ఇంటి పంకా వేడిగాలినే ముఖముపై కొట్టును. దానికే కొంచెము నీటిని జతచేసినచో వసారా చల్లబడును. నీటిని మంచువలె వెదజల్లు ఈ పంకాను తుంపర పంకా యనవచ్చును.

నీటితో గాలిని చల్లబఱచుట మనవారికి క్రొత్త కాదు. వట్టివేళ్ల తడకలను గుమ్మములకు కట్టి తడుపుట, సాయంకాలము వాకిట నీరు చల్లుట, మట్టికుండలో నీరు నిలువచేయుట – వీనియన్నిటిలోను పనిచేయునది ఒక్కటే సూత్రము. నీరు ఆవిరి యగుటకు వేడి కావలెను. పొయ్యి లేనిచోట ఆ వేడిని అది చుట్టునున్న గాలినుండియే తీసికొనును. ఒక గ్రాము నీరు ఆవిరి యగుటకు సుమారు 580 కేలరీల వేడి పట్టును. ఈ లెక్కను ఒక లీటరు నీరు పూర్తిగా ఆవిరియైనచో సుమారు 200 ఘనమీటర్ల గాలి 10 డిగ్రీలు చల్లబడును. ఒక పెద్ద తరగతి గదిలో పట్టు గాలి అంత యుండును.

ఇచ్చట ‘పూర్తిగా’ అను మాట ముఖ్యము. నేలపై పడిన చుక్క నేలను తడుపునేగాని గాలిని వెంటనే చల్లబఱచదు. చుక్క యొక్క అడ్డుకొలత రెట్టింపైనచో అది ఆఱుటకు నాలుగు రెట్లు కాలము పట్టును. కావున నీటిని ఎంత సన్నముగా చీల్చగలిగినచో పంకా అంత చక్కగా పనిచేయును. తయారీలోని కష్టమంతయు ఇందే కలదు.

నర్సరీలలో మొక్కలపై మంచువలె నీరు చల్లుటకు ఇత్తడి నాజిళ్లు వాడుదురు. సన్నని బెజ్జము గల అట్టి నాజిళ్లు నాలుగు, సన్నని ప్లాస్టిక్ గొట్టము, నీటి నలకలను వడగట్టు జల్లెడ, ఒక పంపు ఉన్న చాలును. కూలరులోని పంపు నీటిని పైకెత్తునుగాని ఒత్తిడి నీయజాలదు; దానితో నాజిళ్లు కారును, చిమ్మవు. పైరులకు మందుకొట్టు బ్యాటరీ స్ప్రేయరులో 12 వోల్టులతో నడచు చిన్న పంపు ఉండును. అట్టి పంపే తగినది. అది క్రొత్తదై యుండవలెను. పురుగుమందు తగిలిన పంపును గాని, డబ్బాను గాని ఎన్నిసార్లు కడిగినను ఈ పనికి వాడరాదు. దాని తుంపర మనుష్యుల ఊపిరిలోనికి పోవును.

గొట్టమును వలయముగా వంచి స్టాండు పంకా ముందు జాలికి తీగతో బిగింపవలెను. నాజిళ్లు ముందువైపునకే చూడవలెను. వెనుక బిగించినచో తుంపర మోటారులోనికి పోయి ప్రమాదము కలుగును. ప్లగ్గు ఇంటిలోపల పొడిచోట ఉండవలెను; ఇంటికి ఆర్‌సీసీబీ లేనిచో ఈ ప్రయత్నము మానుటయే మంచిది. విద్యుత్తుకు సంబంధించిన పనిని తెలిసిన పెద్దవారు చేయవలెను. ముందు పంకాను, తరువాత పంపును నడపవలెను. ఆపునపుడు పంపును ముందుగా ఆపవలెను. పంకాను మూసిన గదిలో గాక గాలి పాఱు వసారాలోనే పెట్టవలెను.

పరీక్ష సులభము. పంకాకు ఎనిమిదడుగుల దూరమున పొడిపలకను పట్టి చూడవలెను. పలక తడిసినచో చుక్కలు పెద్దవిగానైన, నీరు ఎక్కువగానైన ఉన్నదన్నమాట. అప్పుడు ఒకటి రెండు నాజిళ్లను మూసివేయవలెను.

అయితే ఈ పంకా అన్ని ఊళ్లకును పనికిరాదు. ఉష్ణమాపకపు బుడ్డికి తడిగుడ్డ చుట్టి విసరినచో అది చూపు వేడి తగ్గుచు ఒకచోట నిలుచును. నీటితో గాలిని అంతకన్న చల్లబఱచుట సాధ్యము కాదు. 42 డిగ్రీల వేడియు 20 శాతము తేమయు గల పల్నాటి మధ్యాహ్నమున ఆ ఉష్ణమాపకము 24 దాపునకు దిగును. 36 డిగ్రీల వేడియు 65 శాతము తేమయు గల విశాఖ తీరమున 30 వద్దనే ఆగిపోవును. ఇంట చేసిన పంకా ఈ తేడాలో కొంతభాగమునే సాధింపగలదు. పల్నాటిలో నాలుగైదు డిగ్రీలు తగ్గినను అది చిన్న లాభము కాదు. మన దేహము సైతము చెమట ఆఱుట చేతనే చల్లబడుచున్నది. ఉక్కగా నున్న తీరమున తుంపర చల్లినచో ఆ చెమటయు ఆఱదు. అచ్చట ఒట్టి పంకాయే మేలు.

నీటి శుభ్రతను ఉపేక్షింపరాదు. 1989లో అమెరికాలోని బొగలూసా పట్టణమున ఒక దుకాణములో కూరగాయలపై తుంపర చల్లు యంత్రము ద్వారా లెజియొనెల్లా అను సూక్ష్మజీవి గాలిలో వ్యాపించి పెక్కుమందికి ఊపిరితిత్తుల జబ్బు తెచ్చెను. నిలువ నీటిలో ఈ సూక్ష్మజీవి పెరుగును. కావున త్రాగుటకు తగిన నీటినే ఏ రోజుకారోజు పోసి, మిగిలినదానిని మొక్కలకు పాఱబోయవలెను. మూతలేని డబ్బాలో దోమలు కూడ గ్రుడ్లు పెట్టును.

నీరు కొనుక్కొను ఊళ్లలో ఖర్చును ముందే లెక్కచూచుకొనుట మంచిది. ఒక్కొక్క నాజిలు మూతిని సీసాలో పెట్టి పది నిమిషములు నడిపి, పడిన నీటిని కొలిచి, ఆఱుచేత హెచ్చించినచో గంటకగు ఖర్చు తేలును. ఎండ తీవ్రముగా నున్న మూడు నాలుగు గంటలు మాత్రమే, ఇంటిలోని వృద్ధులు కూర్చుండు మూలకు త్రిప్పి నడిపినచో నీరు పొదుపగును. ఉప్పునీటి బావుల ఊళ్లలో నాజిళ్ల బెజ్జములు సున్నపు పొఱతో పూడుకొనిపోవును. వానిని విప్పి నిమ్మరసములో ఒక రాత్రి నానవేసి, మంచినీటితో కడిగి బిగించినచో మరల పనిచేయును.