చక్కెర లేని తీపి.. ఆ పిల్లలకు చేటు

మధుమేహ రోగులు కాఫీ, టీలలో వేసుకునే తీపి మాత్రలు కొన్నింటిలో ఆస్పర్టేమ్ ఉంటుంది. 1965లో అమెరికాలో కనుగొన్న ఈ పదార్థం పంచదారకన్నా సుమారు 200 రెట్లు తీపి. ఇందులో ఫినైల్‌అలనైన్ అనే అమైనో ఆమ్లం ఉంది. పాలు, గుడ్లు, పప్పుల్లోనూ ఉండే ఈ ఆమ్లంతో ఆరోగ్యవంతులకు చిక్కు లేదు.

అయితే ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బుతో పుట్టిన పిల్లల ఒంట్లో అది మార్పు చెందక రక్తంలో పేరుకుపోతుంది. మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం సంక్రమిస్తేనే వచ్చే ఈ జబ్బు అరుదు. మేనరికాల్లో మాత్రం అవకాశం ఎక్కువ. పుట్టిన కొద్ది రోజుల్లోనే మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతో దీన్ని పసిగట్టవచ్చు. వెంటనే పథ్యం మొదలుపెడితే బిడ్డ మందమతి కాకుండా కాపాడుకోవచ్చు.

ఆస్పర్టేమ్ కలిపిన సరుకులపై ఈ రోగులకు పనికిరాదన్న హెచ్చరిక ముద్రించాలని మన దేశంలో నిబంధన ఉంది. అలాంటి బిడ్డ ఉన్న ఇంట ఏ సీసా, ఏ పొట్లం కొన్నా ఆ చిన్న అక్షరాలను చదివించుకున్నాకే వాడాలి.