నీటిపాలైన చెప్పు ఎక్కడికి పోతుంది?

బాపట్ల: కార్తీక మాసం వచ్చిందంటే సూర్యలంక తీరం జనంతో కిటకిటలాడుతుంది. పౌర్ణమి నాడు తెల్లవారకముందే చుట్టుపక్కల ఊళ్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలే సముద్ర స్నానానికి తరలివస్తాయి. చెప్పులు ఇసుకలో విడిచి నీళ్లలోకి దిగుతారు. పోటు మీద ఒక పెద్ద అల వచ్చిందంటే తేలిక చెప్పులు అలతోపాటే వెళ్లిపోతాయి. ‘పాతవేగా, పోతే పోయాయి’ అనుకుని వట్టి కాళ్లతో బస్సెక్కేవారు ఎందరో!

అయితే ఆ చెప్పు మాయమైపోదు. చవకగా దొరికే తేలిక చెప్పుల్లో చాలావరకు ప్లాస్టిక్ నురగతో చేసినవే. లోపల గాలి బుడగలు ఉండడం వల్ల నీటిలో మునగవు. ప్రవాహం ఎటు తీసుకుపోతే అటు పోతాయి. ఎండకు పెళుసెక్కి, అలల తాకిడికి పొడిపొడిగా రాలతాయి. ఆ ముక్కలను చేపలు మేత అనుకుని మింగుతాయి. సముద్రాన్ని నమ్ముకున్న బెస్తవారి వలలోకి చేపలతోపాటు ఆ చెత్తా వస్తుంది.

దీవిలో చెప్పుల గుట్టలు

హిందూ మహాసముద్రంలో ఆస్ట్రేలియాకు చెందిన కోకోస్ కీలింగ్ దీవులున్నాయి. అక్కడి జనాభా వెయ్యి కూడా లేదు. ఆ తీరాలకు కొట్టుకొచ్చిన చెత్తపై శాస్త్రజ్ఞుల అధ్యయనం 2019లో వెలువడింది. మొత్తం 41 కోట్లకు పైగా ముక్కలు ఉంటాయని, వాటిలో చెప్పులు, బూట్లే సుమారు 9 లక్షల 77 వేలని వారు అంచనా వేశారు. అవి ఆ దీవివాసులు తొడిగి పారేసినవి కావు. ఎక్కడెక్కడి తీరాల నుంచో వచ్చి చేరినవే.

మన తీరానికీ ఏటా చలికాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇసుకలో చెత్త పేరుకుంటే తల్లి తాబేలుకూ, సముద్రం వైపు పాకే పిల్లలకూ అడ్డమే.

ఏవి కొనాలి?

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు నాచు నూనెతో చెప్పులకు పనికివచ్చే నురగ తయారుచేశారు. అది మట్టిలో 16 వారాల్లో శిథిలం కావడం మొదలైందని 2020లో ప్రకటించారు. మన సంతలో అలాంటివి దొరకవు కనుక దొరికేవాటిలోనే మంచివి ఎంచుకోవాలి.

పట్టీ తెగితే కొత్తది వేయించుకోగల గట్టి రబ్బరు చెప్పులు మేలు. సహజ రబ్బరు కూడా నేలలో కలవడానికి చాలాకాలం పడుతుంది గనుక దాన్నీ పారేయరాదు. ఒక్క జత మూడేళ్లు నడిస్తే, ఏడాదికొకటి చొప్పున కొనే రెండు జతలు మిగిలినట్టే. తోలు చెప్పులు ఉప్పునీటికి పాడవుతాయి గనుక ఒడ్డుకు తేకపోవడమే మంచిది.

స్నానానికి బయలుదేరేటప్పుడు ఒక గోనెసంచి వెంట ఉంచుకుంటే చాలు. ఇంటిల్లిపాది చెప్పులూ అందులో వేసి, పోటు అందని మెరకలో ఒకరిని కాపలా ఉంచవచ్చు. తెగిన చెప్పునూ అదే సంచిలో ఇంటికి తెచ్చుకోవచ్చు. పుణ్యానికి వెళ్లి సముద్రంలో చెత్త వదిలి రావడం ఎవరికి మాత్రం ఇష్టం?