మాటల్లేవు... మజా ఉంది!

మూకీ హాస్యం అనగానే మీకు ఎవరు గుర్తొస్తారు? టోపీ, చేతికర్ర, బుల్లి మీసం... చాప్లిన్! ఇంకాస్త తెలిసినవాళ్ళు బస్టర్ కీటన్, హెరాల్డ్ లాయిడ్ అంటారు. ఒప్పుకున్నాం. కానీ వాళ్ళ నీడలో మరుగునపడ్డ మొనగాళ్ళున్నారు సుమండీ!

1926లో వచ్చిన 'మైటీ లైక్ ఎ మూస్' సంగతే తీసుకోండి. రెండు రీళ్ళ సినిమా. హీరో ఛార్లీ ఛేజ్, డైరెక్టరు లియో మెకారీ. మొగుడికి ఎత్తుపళ్ళు, పెళ్ళానికి ఇంత పొడుగు ముక్కు. ఒకరికి తెలియకుండా ఒకరు డాక్టరు దగ్గరికెళ్ళి బాగుచేయించుకుంటారు. బయట ఇద్దరూ ఎదురుపడతారు. గుర్తుపట్టరు సరికదా, ఒకరి మీద ఒకరు మనసు పారేసుకుంటారు! సొంత పెళ్ళానికే లైనేస్తూ, ఇంట్లో పెళ్ళానికి తెలిస్తే ఎలాగా అని హడలిపోయే మొగుణ్ణి ఇంకెక్కడైనా చూశారా?

అసలు గుట్టు ముందు ఛేజ్‌కే తెలుస్తుంది. భార్యకు బుద్ధి చెప్పాలని, మొగుడూ ప్రియుడూ తన్నుకుంటున్నట్టు నాటకమాడతాడు. ఇటు మొగుడు, అటు ప్రియుడు... ఇద్దరూ తనే! డబుల్ యాక్షనే గానీ కెమెరా ట్రిక్కుతో పనిలేదు. (తప్పులో ఈయనగారికీ సగం వాటా ఉంది కదా అంటారా? మేమూ అదే అనుకున్నాం.) విచిత్రవేషం ఏదీ ఉండదు. పక్కింటి గుమస్తాలా ఉంటాడు. అందుకే అతని అవస్థ చూస్తే అంత నవ్వు!

రేమండ్ గ్రిఫిత్ దారి వేరు. సిల్కు టోపీ, నలగని సూటు. 'హాండ్సప్' (1926)లో అంతర్యుద్ధం నాటి గూఢచారి. అక్కచెల్లెళ్ళిద్దరూ ఇతన్నే ప్రేమిస్తారు. ఎవర్ని చేసుకోవాలో తేలక తికమకపడుతుంటే, బహుభార్యల బ్రిగ్‌హామ్ యంగ్ తటస్థపడతాడు... ఇంకేముంది, ఇద్దర్నీ!

ఇతనికి చిన్నప్పుడే గొంతు దెబ్బతింది. గుసగుస తప్ప మాట పెగలదు. మూకీల్లో ఆ లోటు ఎవరికి తెలుస్తుంది? 1927లో 'ది జాజ్ సింగర్' వచ్చింది. టాకీల జోరులో గ్రిఫిత్ హీరో వేషాలు ముగిసిపోయాయి. 1930లో 'ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్'లో ఫ్రెంచి సైనికుడిగా కనిపించాడు. గోతిలో కత్తిపోటు తిని ప్రాణం వదుల్తాడు. ఒక్క డైలాగూ లేదు. పొడిచినవాడు శవం పక్కన కూర్చుని క్షమించమని ఏడుస్తుంటే, అంతకు నాలుగేళ్ళ ముందు హాళ్ళన్నీ గొల్లుమనిపించిన ముఖం అలా చూస్తూ ఉంటుంది.

తర్వాత ప్రొడ్యూసరై నిలదొక్కుకున్నాడు. అతని సినిమాలు మాత్రం చాలావరకు పోయాయి. 'పాత్స్ టు ప్యారడైజ్' (1925) మిగిలింది, చివరి రీలు తప్ప! వజ్రాలహారం కొట్టేసిన దొంగ, దొంగమ్మాయి కారులో మెక్సికోకి పరుగు. వెనకాల పోలీసులు. మనం సీటు అంచున... అంతే, క్లైమాక్సులో కరెంటు పోయినట్టు!