దడ ఆగకముందే పట్టుకోండి!

చింతలపూడిలో ఓ ఇల్లాలు అనుకుందాం. పొద్దున్నే వాకిట్లో కళ్లాపి చల్లుతుంటే ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. నిమిషానికి డెబ్భై, ఎనభైసార్లు కొట్టుకోవాల్సింది 180 దాటేసింది. కళ్లు తిరుగుతున్నాయి, ఒళ్లంతా చెమటలు. ఇంట్లోవాళ్లు కంగారుగా కారు మాట్లాడి ఏలూరు బయల్దేరారు. దాదాపు 50 కిలోమీటర్లు. దారిలో ఎక్కడో, మొదలైనంత హఠాత్తుగానే దడ ఆగిపోయింది. ఆసుపత్రిలో ఈసీజీ తీస్తే... అంతా మామూలే! 'గ్యాస్ అయ్యుంటుంది', 'ఊరికే బెంగపడుతోంది' అనేస్తారు. ఆడవాళ్ల విషయంలో ఈ మాట మరీ తొందరగా వచ్చేస్తుంది.

నిజానికి ఇలాంటి దడ చాలాసార్లు గుండెలోని కరెంటు తేడా. గుండెను కొట్టించే విద్యుత్తు పైగదిలో పుట్టి, ఒకే దారిన కిందికి దిగాలి. కొందరికి అదనంగా మరో దారి ఉంటుంది. ఒకదాన్లో దిగిన కరెంటు రెండోదాన్లోంచి పైకెక్కి, గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతుంది. వైద్యులు దీన్ని 'ఎస్‌వీటీ' అంటారు.

మందులు దీన్ని అదుపులో పెడతాయి. మరి ఆ అదనపు దారినే మూసేస్తే? ఆ ఆలోచనే అబ్లేషన్. 1982లో అమెరికా వైద్యుడు మెల్విన్ షైన్‌మన్ బృందం కెథెటర్ ద్వారా గుండెలోపలికి షాక్ పంపి చికిత్స చేసిన వివరాలు వెల్లడించింది. అది కాస్త మొరటు పద్ధతి. ఆ దశాబ్దం చివర్లో సున్నితమైన రేడియో ఫ్రీక్వెన్సీ విద్యుత్తు వచ్చింది.

తొడ మొదట్లో మత్తుసూది వేసి, సిరలోంచి సన్నటి తీగల్లాంటి కెథెటర్లను గుండెదాకా పోనిస్తారు. ముందు కావాలనే దడ పుట్టించి తప్పుదారి ఎక్కడుందో వెతుకుతారు. అక్కడ కెథెటర్ కొస తాకినచోట కండరాన్ని 50 డిగ్రీలకు పైగా వేడిచేస్తారు. కొద్ది మిల్లీమీటర్ల మేర మాడి, దారి మూసుకుపోతుంది. ఛాతీ కోయరు. ఎక్కువమంది మర్నాటికల్లా ఇంటికెళ్లిపోతారు. ఈ రకం దడల్లో నూటికి 95 మంది దాకా నయమవుతుంది. అసలు దారి పక్కనే ఉంటే అదీ దెబ్బతిని పేస్‌మేకర్ అవసరం కావొచ్చు. నూటికి ఒక్కరికి అటూఇటూగా ఉండే ముప్పే అయినా, ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇంతకీ చికిత్సకు దారిచూపేది ఓ కాగితం ముక్క. దడ నడుస్తుండగా తీసిన ఈసీజీ! అందుకే ఏలూరుదాకా ఆగకుండా, ఊళ్లోని ప్రభుత్వాసుపత్రిలోనే ముందు అది తీయించండి. వీలుంటే దడ ఆపే ఇంజెక్షన్ ఇవ్వకముందే తీయమని అడగండి. స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి ఉన్నా మాత్రం తక్షణం 108కి ఫోన్ చేయాల్సిందే. అన్నట్టు, ఈసీజీ కాగితం మీది గీతలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి. ఇంటికి రాగానే ఫోన్లో ఫొటో తీసి ఉంచుకోండి.