ఏడాది కరెంటు, ఒక్క అంకె

ఆఫీసు భవనం గుమ్మం పక్కన నక్షత్రాల పలక ఉందంటే, దాని వెనక పన్నెండు నెలల కరెంటు వాడకం ఉందన్నమాట. కేంద్రప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2009లో ఆఫీసులతో మొదలుపెట్టిన ఈ స్టార్ రేటింగ్ నక్షా చూసి మార్కులు వేయదు. ఎంత గొప్పగా కట్టిన భవనమైనా, ఖాళీ గదుల్లో రాత్రంతా ఏసీలు నడిస్తే ఆ సంగతి మీటరులో పడిపోతుంది. ఈ పద్ధతి మీద నాకు గౌరవం అందుకే.

లెక్క చిన్నదే. ఏడాదిలో వాడిన యూనిట్లను భవనం విస్తీర్ణంతో, చదరపు మీటర్లలో, భాగించాలి. వచ్చేదే ఈపీఐ, అంటే ఎనర్జీ పెర్ఫార్మెన్స్ ఇండెక్స్. సగానికి పైగా ఏసీ ఉన్న ఆఫీసు హైదరాబాద్‌లో ఉంటే, 90 లోపు వచ్చినప్పుడు ఐదు నక్షత్రాలు. 115 నుంచి 140 మధ్య మూడు. 190 దాటితే ఒక్కటీ రాదు. విశాఖలో ఉక్క ఎక్కువ కాబట్టి ప్రతి హద్దూ మరో 10 యూనిట్లు పైన ఉంటుంది.

చిక్కంతా భాగించే ముందే. ఒక ఆఫీసుకు ఏడాదికి బిల్లుల్లో 6,20,000 యూనిట్లు, జనరేటర్ నుంచి 30,000 యూనిట్లు వచ్చాయనుకుందాం. విస్తీర్ణం 5,000 చదరపు మీటర్లు. ఈపీఐ 130, మూడు నక్షత్రాలు. సెల్లారులోని 1,500 చదరపు మీటర్ల పార్కింగ్‌ను విస్తీర్ణంలో కలిపేస్తే ఈపీఐ 100కి దిగుతుంది, నాలుగో నక్షత్రం వచ్చేస్తుంది. ఒక్క యూనిట్ కూడా ఆదా కాలేదు! పార్కింగ్‌ను విస్తీర్ణంలోంచి తీసేయాలన్న నిబంధన ఉన్నది ఇందుకే.

బిల్లు చదవడంలోనూ జాగ్రత్త కావాలి. మన తెలుగు రాష్ట్రాల్లో హెచ్‌టీ (హైటెన్షన్) కనెక్షన్లకు బిల్లు వేసేది కేవీఏహెచ్‌లో (కిలోవోల్ట్ ఆంపియర్ అవర్లలో). రేటింగ్‌కు కావలసింది కేడబ్ల్యూహెచ్ (కిలోవాట్ అవర్), అంటే పైన చెప్పిన యూనిట్. రెండూ దగ్గరదగ్గరగా కనిపిస్తాయి గానీ ఒకటి కావు. పవర్ ఫ్యాక్టర్ తగ్గేకొద్దీ వాటి మధ్య తేడా పెరుగుతుంది. మీటరులో కనిపించే అంకెను మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్‌తో హెచ్చించాల్సి వస్తే అదీ మరవకూడదు. జనరేటర్‌కు విడిగా మీటరు లేకపోతే డీజిల్ కొన్న రసీదులే దిక్కు. ట్యాంకులో మిగిలిన డీజిల్ ఎంతో వాటిలో ఉండదు కాబట్టి, ఆ చిన్న మీటరు పెట్టించడమే మేలు.

ఏడాది పూర్తిగా ఉండాలన్నదీ ఊరికే పెట్టిన షరతు కాదు. ఏప్రిల్, మే నెలలు లేని లెక్కలో హైదరాబాద్ ఆఫీసు అసలు భారం కనబడదు.

మిద్దె మీది సోలార్ కరెంటును ఈపీఐలో కలపరు. అయినా దాన్ని విడిగా నెలనెలా రాసిపెట్టమంటాను. అది లేకపోతే, బిల్లు తగ్గింది ఎండ పుణ్యమా, వాడకం తగ్గడం వల్లా అన్నది ఆ భవనం నడిపేవారికే తెలియదు.